మెట్లెక్కితే రక్తపు పోటు ఎంత పెరగాలి?

(సంఘ వార్షికోత్సవ సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



గుండె జబ్బులను గూర్చి మాట్లాడవలసిందని కార్యదర్శిగారు కబురు చేశారు. గుండె జబ్బులంటే మహా పెద్ద విషయం. అరగంటలో అంతా చెప్పబోతే ఇంటికి వెళ్ళేసరికి మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుచేత ఒకే ఒక్క ముక్క తీసుకుంటున్నాను. మనిషి కదులుతున్నప్పుడు, అంటే నడిచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, బరువెత్తేటప్పుడు రక్తపు పోటు ఏమవుతుంది? దానివల్ల గుండెకు మేలా, కీడా? ఇదీ ఇవాళ్టి విషయం.

దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇప్పుడు ఇంటింటికీ బ్యాటరీతో నడిచే బి.పి. మిషన్ వచ్చేసింది. కొడుకు గల్ఫ్ నుంచి తెచ్చాడనో, మందుల షాపులో చవకగా ఇచ్చారనో ప్రతి ఇంట్లో ఒకటి కనిపిస్తోంది. మంచిదే, కాదనను. కాని దాని వెంబడే ఒక కొత్త భయం కూడా వచ్చింది. పోయిన చలికాలంలో ఒక కిరాణా వర్తకుడు నా దగ్గరకు వచ్చాడు. వయసు 58. రోజూ మాత్ర వేసుకుంటున్నాడు, తెల్లవారి 40 నిమిషాలు నడుస్తున్నాడు. ఒకరోజు నడక నుంచి వచ్చి, చెప్పులు విప్పి, వెంటనే చేతికి పట్టీ చుట్టుకుని మీట నొక్కాడు. 172/84 వచ్చింది. గుండె దడదడలాడింది. మళ్ళీ నొక్కాడు, 168. "డాక్టర్ సాబ్, నడక నా ఒంటికి పడలేదు. మానేశాను" అన్నాడు. మానేసి ఆరు వారాలైంది, ఈలోగా మూడు కిలోలు బరువు పెరిగాడు.

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు ఊరుకోబెట్టి చూస్తే 134/82 ఉంది. అతని మిషన్‌లో లోపం లేదు. గుండెలో లోపం లేదు. నడకలో అసలే లేదు. చూసుకున్న సమయం ఒక్కటే తప్పు. ఇటువంటివాళ్ళు నెలకు నలుగురైదుగురు వస్తున్నారు. మేలు చేసే పనిని అంకెకు భయపడి మానేస్తున్నారు. నా బాధల్లా అదే.

ముందుగా ఆ రెండు అంకెలు ఏమిటో చూద్దాం. గుండె ముడుచుకుని రక్తాన్ని ముందుకు తోసినప్పుడు ధమనుల గోడల మీద పడే ఒత్తిడి పై అంకె. డాక్టర్లు దాన్ని సిస్టాలిక్ అంటారు. గుండె సడలి, మళ్ళీ రక్తం నింపుకునేటప్పుడు ధమనుల్లో మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె, డయస్టాలిక్. ఈ ఒత్తిడిని మొట్టమొదట కొలిచి పుస్తకంలో రాసినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు పాదరీ. ఒక గుర్రం ధమనిలో ఇత్తడి గొట్టం పెట్టి, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలిస్తే రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎగబాకిందని 1733లో ప్రకటించాడు. మనుషులకు అలా చేస్తే ఊరుకుంటారా! చేతికి కట్టే పట్టీని 1896లో ఇటలీ దేశపు రివా-రోచీ కనిపెట్టాడు. స్టెతస్కోపుతో చప్పుడు విని రెండు అంకెలూ చెప్పే పద్ధతిని 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ చెప్పాడు. ఆనాటి నుంచి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి బల్లమీద పెట్టించి, మాట్లాడవద్దని చెప్పి చూడటం ఆచారమైపోయింది.

ఆ ఆచారం సరైనదే. కాని ఇరవై నాలుగు గంటలూ మనిషి కుర్చీలో కూర్చోడు కదా. కుర్చీలో తీసిన అంకె ఒక ఫోటో వంటిది. ఆ ఫోటోలో ఉన్నట్టే రోజంతా ఉంటాడనుకోవడం పొరపాటు.

కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది. అదే మనిషి గట్టిగా పరుగెత్తితే 15, 20 లీటర్లు తోడవలసి వస్తుంది. కూర్చున్నప్పుడు ఆ అయిదు లీటర్లలో కండరాల వాటా అయిదో వంతే. పరుగులో అది నూటికి 80 దాకా పోతుంది. కడుపుకు, మూత్రపిండాలకు వెళ్ళే వాటాను శరీరం తగ్గించి కాళ్ళకు మళ్ళిస్తుంది. అన్నం తిన్న వెంటనే పరుగులు పెట్టవద్దని మన పెద్దవాళ్ళు అనేవారు. వాళ్ళకు ఈ లెక్కలు తెలియకపోయినా మాట మాత్రం సరైనదే.

మరి నాలుగింతల రక్తం తోడుతున్నప్పుడు పోటు కూడా నాలుగింతలు కావాలి కదా? 120 కాస్తా 480 కావాలి. కాదు. ఎందుకు కాదో కాలువ గట్టున పెరిగిన మనకు తేలిగ్గా తెలుస్తుంది. హెడ్ రెగ్యులేటర్ దగ్గర నీళ్ళు నాలుగింతలు వదిలారనుకోండి. తూములన్నీ మూసి ఉంటే గట్టు తెగుతుంది. తూములన్నీ ఎత్తి ఉంటే నీరు పొలాలకు పారిపోయి కాలువలో మట్టం కొద్దిగానే పెరుగుతుంది. మనం నడవడం మొదలుపెట్టగానే కాలి కండరాల్లోని సన్నని రక్తనాళాలు, ఆ తూములు ఎత్తినట్టే విచ్చుకుంటాయి. వాటిని విప్పే పదార్థాల్లో ఒకటి రక్తనాళాల లోపలి పొరలో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. దాని సంగతి తేల్చినందుకు ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానం వచ్చింది. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర పనిచేసేది కూడా ఆ వాయువు ద్వారానే.

అందువల్ల ఆరోగ్యవంతుడు శ్రమ చేస్తే పై అంకె పెరుగుతుంది, కింది అంకె ఉన్నచోటనే ఉంటుంది లేదా కొంచెం దిగుతుంది. ఊరికే కూర్చున్నప్పటి శ్రమను ఒకటి అనుకుంటే, అది ఒక్కో రెట్టు పెరిగిన కొద్దీ పై అంకె సుమారు 10 చొప్పున పెరగాలి. చురుగ్గా నడవడమంటే నాలుగు రెట్ల శ్రమ. 120 ఉన్నవాడు నడకలో 150కి వస్తే అది జబ్బు కాదండీ, గుండె తన పని తాను చేస్తున్నదన్నమాట. మన కిరాణా వర్తకుడు 134 దగ్గర మొదలుపెట్టాడు, ఇంటి మెట్లు కూడా ఎక్కి వచ్చాడు, అంకె చూసి భయం కూడా కలిసింది. 172 రావడంలో వింత ఏముంది?

అయితే ఎంత పెరిగినా ఫరవాలేదా అని అడుగుతారు. ఫరవా ఉంది. ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

ఆసుపత్రుల్లో టీఎంటీ అనే పరీక్ష చేస్తారు. మీలో కొందరు చేయించుకునే ఉంటారు. కదిలే పట్టా మీద నడిపిస్తారు, ఛాతీకి తీగలు తగిలిస్తారు, మధ్యమధ్య బి.పి. చూస్తారు. ఎక్కువగా వాడే పద్ధతిని రాబర్ట్ బ్రూస్ అనే అమెరికా వైద్యుడు 1963లో ప్రకటించాడు. ప్రతి 3 నిమిషాలకు వేగమూ, ఏటవాలూ పెంచుతూ పోతారు. మొదటి మెట్టు గంటకు 2.7 కిలోమీటర్ల వేగమే, సంతలో బేరమాడుతూ నడిచేంత. కాని నూటికి 10 ఏటవాలు ఉంటుంది గనుక కాళ్ళకు తెలుస్తుంది. ఈ పరీక్షలో పూర్తి శ్రమ మీద మగవాళ్ళకు 210, ఆడవాళ్ళకు 190 దాటితే మితిమీరి పెరిగిందని అంటారు. పై అంకె 250, లేదా కింది అంకె 115 దాటితే పరీక్ష ఆపేస్తారు.

రిటైరైన ఒక మాస్టారి సంగతి చెబుతాను. కుర్చీలో ఎప్పుడు చూసినా 128, 130. "నాకు బి.పి. లేదు, షుగరు లేదు" అని నలుగురిలో చెప్పుకునేవారు. నడక లేదు. రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో నిలబడి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించి, ఊపిరి తీసుకుని ఎక్కేవారు. ఆయన్ను పట్టా మీద నడిపిస్తే మొదటి మూడు నిమిషాలకే 198కి వెళ్ళింది. గుండెకు పోయే నాళాల్లో అడ్డు ఏదీ కనబడలేదు. కాని ధమనులు బిగుసుకుని ఉన్నాయి. లేత రబ్బరు గొట్టంలో నీళ్ళు జోరుగా వదిలితే అది కొంచెం సాగి జోరును మింగుకుంటుంది. ఇనుప గొట్టంలో వదిలితే సాగదు, జోరు అంతా గోడ మీదే పడుతుంది. వయసు, పొగాకు, షుగరు, ఉప్పు, కదలని ఒళ్ళు, ఇవన్నీ కలిసి రబ్బరును ఇనుము చేస్తాయి. కూర్చుంటే 5 లీటర్లే కాబట్టి ఇనుప గొట్టం సంగతి బయటపడదు. మెట్లెక్కితే బయటపడుతుంది.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. నార్వే రాజధాని ఓస్లోలో 1972 నుంచి 1975 వరకు 40, 59 ఏళ్ళ మధ్య ఆరోగ్యంగా ఉన్న సుమారు 2,000 మంది మగవాళ్ళను కదలని సైకిలు తొక్కించి, తొక్కుతుండగా బి.పి. చూసి రాసిపెట్టారు. ఆ తరువాత 16 ఏళ్ళు వాళ్ళను గమనించారు. గుండె, రక్తనాళాల జబ్బులతో ఎవరు పోయారన్నది కుర్చీలో తీసిన అంకె కన్నా సైకిలు మీద తీసిన అంకే గట్టిగా చెప్పింది. 2013లో ఇటువంటి 12 అధ్యయనాలను, 46,000 పైచిలుకు మందిని కలిపి లెక్క వేశారు. మామూలు శ్రమలో పోటు మితిమీరి పెరిగేవాళ్ళకు గుండె, రక్తనాళాల ప్రమాదాలు, మరణాలు నూటికి 36 వంతులు ఎక్కువని తేలింది. కూర్చున్నప్పటి బి.పి. ఎంత ఉన్నా సరే. ఇక్కడ మామూలు శ్రమ అన్న మాట పట్టుకోండి. ప్రాణం పోయేలా పరుగెత్తినప్పటి అంకె గురించి కాదు, మీరు నేను రోజూ చేసే శ్రమ గురించే.

మాస్టారికి నేను చెప్పిందేమిటి? నడవవద్దని కాదు. నడవండి అని. ఇక్కడే చాలామంది తికమకపడతారు. శ్రమలో పోటు ఎక్కువ పెరుగుతుంటే శ్రమ మానాలి కదా అంటారు. రోజూ నడిస్తే అదే మెట్ల మీద పోటు తక్కువ పెరుగుతుంది. నడక మానితే అవే మెట్లు రేపు ఇంకా బరువవుతాయి.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. గుండె కండరం ఎంత కష్టపడుతోందో, దానికి ఎంత ప్రాణవాయువు కావాలో ఇంచుమించుగా చెప్పాలంటే, ఆ సమయంలో నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో దాన్ని పై అంకెతో గుణించాలి. ఉదాహరణకు ఇద్దరు ఒకే వయసువాళ్ళు రెండంతస్తులు ఎక్కారు. నడక అలవాటున్నవాడికి నాడి 115, పోటు 150. గుణిస్తే 17,250. అలవాటు లేనివాడికి నాడి 140, పోటు 190. గుణిస్తే 26,600. ఇద్దరూ ఎక్కిన మెట్లు అవే, మోసిన సంచి అదే. రెండోవాడి గుండె మాత్రం ఒకటిన్నర రెట్లు కూలి చేసింది.

ఇంకొక సంగతి. మిగతా అవయవాలు గుండె తోసినప్పుడు రక్తం తీసుకుంటాయి. ఎడమ పక్క గుండె కండరం మాత్రం ఎక్కువ భాగం తాను సడలినప్పుడే తీసుకుంటుంది. ఇంట్లో అందరికీ వడ్డించి, చివర తాను తినే ఇల్లాలి వంటిదన్నమాట. నాడి వేగం పెరిగితే ఆ సడలే వ్యవధి తగ్గిపోతుంది. కూలి పెరిగింది, తిండికి సమయం తగ్గింది. నాళాల్లో కొవ్వు పేరుకుని ఉంటే అప్పుడు ఛాతీ బిగిసి నొప్పి వస్తుంది. అటువంటి రోగికి నొప్పి ప్రతిసారీ ఇంచుమించు ఒకే లబ్ధం దగ్గర మొదలవుతుంది. అతనికి 20,000 దగ్గర నొప్పి వస్తుందనుకుందాం. వైద్యుని సలహాతో కొన్ని నెలలు క్రమంగా నడిస్తే అదే మెట్లకు లబ్ధం 20,000 లోపే ఉంటుంది, నొప్పి రాకుండా ఎక్కగలుగుతాడు. నాళం వెడల్పు కాకపోయినా గుండె మీద కూలి తగ్గింది. గుండెపోటు వచ్చినవాళ్ళను కూడా పడుకోబెట్టకుండా డాక్టర్లు మెల్లగా నడిపించడంలోని రహస్యం ఇదే. మా చిన్నతనంలో గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు.

మెట్ల మాట వచ్చింది కాబట్టి లండన్ బస్సుల కథ చెప్పాలి. లండన్‌లో రెండంతస్తుల బస్సులు. ఆ రోజుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కి దిగేవాడు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరాలు చూసి 1953లో ప్రకటించాడు. కండక్టర్లలో గుండె జబ్బు తక్కువ, వచ్చినా ఆలస్యంగా వచ్చింది, తీవ్రత కూడా తక్కువ. కొందరు ఇక్కడితో కథ ఆపేస్తారు. కాని మోరిస్ నిజాయితీపరుడు. 1956లో ఆయనే వాళ్ళ యూనిఫారం లాగుల కొలతలు తీసి చూసి, డ్రైవర్ల నడుములు చిన్న వయసులోనే కండక్టర్ల నడుముల కన్నా లావుగా ఉన్నాయని చెప్పాడు. అంటే తేడా అంతా మెట్ల వల్లనే రాకపోయి ఉండవచ్చు. ఆ తరువాత దేశదేశాల్లో జరిగిన పరిశోధనలు మాత్రం ఆయన మొదటి మాటనే బలపరిచాయి. ఆయన వ్యాయామం వదలకుండా బ్రతికి 2009లో, 99 ఏళ్ళ వయసులో పోయారు.

ఇంతవరకు పెరగడం గురించి చెప్పాను. శ్రమ పెరుగుతుంటే పోటు పడిపోవడం అంతకన్నా ప్రమాదం. పట్టా మీద వేగం పెంచుతుంటే పై అంకె పెరగవలసింది పోయి, మొదలుపెట్టినప్పటి కన్నా దిగిందంటే, గుండె తోడలేకపోతోందని అనుమానించాలి. పెద్ద నాళాల్లో అడ్డు ఉండవచ్చు, కవాటం సన్నబడి ఉండవచ్చు. ఇంట్లో ఇది మిషన్‌తో తెలియదు. నడకలో కళ్ళు తిరగడం, చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడటం, ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుండటం, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, ఇవీ గుర్తులు. ఇందులో ఏది వచ్చినా "గ్యాసులే" అని సోడా తాగి పడుకోవద్దు. ఆగి కూర్చోండి, 108కి ఫోన్ చేయించండి. స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకురావడం కూడా మంచిది కాదు.

ఇప్పుడు కుర్రవాళ్ళ సంగతి. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్ళకే పోయారు. ఆ ఉదయం వ్యాయామం చేశాక ఛాతీలో ఇబ్బందిగా ఉందని ఆసుపత్రికి వెళ్ళారు. ఆ వార్తతో మన ఊళ్ళల్లో కూడా జిమ్ముకు వెళ్ళే పిల్లలను తల్లిదండ్రులు ఆపేశారు. వ్యాయామం చేసినందువల్లనే పోయారని తీర్మానించడం తొందరపాటు. నాళాల్లో జబ్బు ముందే ఉంటే అది ఏ క్షణాన బయటపడుతుందో ఎవరికీ తెలియదు. పరుగు గురించి పుస్తకం రాసి అమెరికా అంతటినీ పరుగెత్తించిన జిమ్ ఫిక్స్ 1984లో 52వ ఏట పరుగు మధ్యలోనే పోయాడు. ఆయన తండ్రికి 35 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది, ఆయన చాలాకాలం సిగరెట్లు తాగాడు. పరుగు ఆ రెండింటినీ పూర్తిగా తుడిచివేయలేదు. కాబట్టి ఇంట్లో తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, 40 దాటినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు కఠిన వ్యాయామం మొదలుపెట్టేముందు డాక్టరుకు చూపించుకోవాలి. నిదానమైన నడకకు ఇంత హంగామా అక్కరలేదు. అయితే కూర్చున్నప్పుడే 180/110 ఉన్నవాళ్ళు మాత్రం ముందు మందుతో దాన్ని దించుకోవాలి.

నడక వేరు, బరువు వేరు. నడకలో కండరం ముడుచుకుంటూ, సడలుతూ ఉంటుంది, రక్తం పారుతూ ఉంటుంది. పెద్ద బరువు ఎత్తి పట్టుకున్నప్పుడు బిగిసిన కండరం తన నాళాలను తానే నొక్కేస్తుంది. తూములు మూసుకున్నాయన్నమాట. పైగా మనం ఊపిరి బిగబడతాం. కెనడాలో 1985లో అయిదుగురు బాడీబిల్డర్ల ధమనిలోనే సన్నని గొట్టం పెట్టి, కాళ్ళతో అతి పెద్ద బరువు తోయిస్తూ పోటు కొలిచారు. సగటున 320/250 వచ్చింది. ఒకరికైతే 480/350 దాటింది. సరిగా విన్నారు, అచ్చుతప్పు కాదు. అవి క్షణాల మాటే, వాళ్ళు యువకులు, తట్టుకున్నారు. కాని అరవై ఏళ్ళ పెద్దమనిషి ఊపిరి బిగబట్టి బియ్యం బస్తా లేపినా, నిండు గ్యాస్ సిలిండర్ మేడమీదికి మోసినా, ఆగిపోయిన ఆటోను తోసినా, మలబద్ధకంతో ముక్కినా ఒంట్లో జరిగేది ఆ కోవకు చెందిందే. బరువు అసలు ఎత్తవద్దని నేననను. తేలికపాటి బరువులు పదిహేనుసార్లు ఎత్తడం బి.పి. ఉన్నవాళ్ళకు కూడా మంచిదే. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. మరిచిపోతామనుకుంటే పైకి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. లెక్కపెట్టే నోరు ఊపిరి బిగబట్టలేదు.

నడక అయిపోయాక ఏమవుతుంది? ఇది చాలామందికి తెలియని మంచి కబురు. నడిచి వచ్చి కుదురుగా కూర్చున్నాక పోటు మొదటి అంకె కన్నా కిందికి దిగుతుంది. కొన్ని గంటలపాటు అలా దిగి ఉంటుంది. రోజూ నడిస్తే ఆ దిగుడు స్థిరపడుతుంది. బి.పి. ఉన్నవాళ్ళకు క్రమమైన నడకతో పై అంకె 5 నుంచి 8 వరకు తగ్గుతుంది. ఇది ఇంచుమించు ఒక మాత్ర చేసే పని. కాని "నడుస్తున్నాను కదా" అని మాత్ర ఆపేయకూడదు. ఆ నిర్ణయం డాక్టరుది. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే పక్షవాతంతో వచ్చినవాళ్ళలో మాత్రలు తామంతట తామే ఆపినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

నడక ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆపి నిలబడిపోవద్దు. విచ్చుకున్న తూములు ఇంకా మూసుకోలేదు, రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. చివరి ఐదు నిమిషాలు మెల్లగా నడవండి. మూత్రం ఎక్కువ పోయించే బి.పి. మాత్రలు వాడేవాళ్ళు మన మే నెల ఎండల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి, తెల్లవారుజామునే ముగించుకోవాలి.

ఎంత వేగంగా అని అడుగుతారు. వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా ఉండాలి. పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. నాడి లెక్కపెట్టమని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవాళ్ళకు నాడి ఎలాగూ ఎక్కువ పెరగదు. వాళ్ళు నాడి పెరగలేదని వేగం పెంచుకుంటూ పోతే చిక్కులో పడతారు. వాళ్ళకు మాటల కొలతే మంచిది.

మా ఆపాలు, అమ్మలు అడుగుతారు, "ఇల్లు ఊడుస్తాం, బట్టలు ఉతుకుతాం, అది చాలదా?" అని. ప్రతి కదలికా లెక్కలోకి వస్తుంది, కాదనను. కాని ఇప్పుడు మిక్సీలు, వాషింగ్ మిషన్లు వచ్చాక ఇంటిపనిలో అలసట మిగిలింది గాని ఊపిరి వేగం పెరిగే పని తగ్గిపోయింది. వీధిలో నడవడానికి వాళ్ళకు వీలుండదు, కుక్కలు, మోటారు సైకిళ్ళు, చూసేవాళ్ళ చూపులు. ఆడవాళ్ళకు నడిచే చోటు చూపకుండా నడవమని చీటీ రాసివ్వడం మా డాక్టర్లకు అలవాటైపోయింది. డాబా ఉంటే డాబా మీద, మెట్లుంటే మెట్ల మీద నడవవచ్చు. బడి ఆవరణ సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకు విడిచిపెట్టేలా పెద్దలు మాట్లాడగలిగితే, పది బి.పి. శిబిరాల కన్నా అది ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

చివరగా ఇంట్లో మిషన్‌తో చూసుకునే పద్ధతి. నడక, టీ, కాఫీ, బీడీ, సిగరెట్ అయ్యాక అరగంట ఆగండి. వీపు కుర్చీకి ఆన్చి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరుకోండి. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. మాట్లాడవద్దు. రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. నెలకొకసారి ఆ కాగితం డాక్టరుకు చూపండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బి.పి. కూడా ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని వచ్చే ఆదివారం శిబిరానికి వచ్చేవాళ్ళు ఇంట్లో ఉన్న మిషన్‌ను పట్టీతో సహా సంచిలో వేసుకుని రండి. మా దానితో పక్కపక్కన పెట్టి చూసి, ఎంత తేడా ఉందో దానిమీద చీటీ అంటించి ఇస్తాం. పట్టీ చిన్నదైతే ఏ కొలతది కొనాలో అదే చీటీ మీద రాస్తాం. అక్కడికి నడిచి వచ్చినవాళ్ళు మాత్రం ముందు ఓ అరగంట బెంచీ మీద కూర్చోవాలి.